ఈద్ ముబారక్ సరే, ఇంటి కబురేది?

పండుగ వెళ్ళిన మరునాడు మా వీధిలోని ఒక పెద్దామె ఫోను పట్టుకొని మా ఇంటికి వచ్చారు. ఆమె కుమారుడు సౌదీ అరేబియాలో పన్నెండేళ్ళుగా డ్రైవరుగా పనిచేస్తున్నాడు. “మౌల్వీ సాబ్, దీంట్లో జాగా నిండిపోయిందట. బొమ్మలన్నీ తీసేసి పెట్టండి” అన్నారు. తెరిచి చూస్తే రెండు వందలకు పైగా బొమ్మలున్నాయి. నెలవంకలు, మసీదు గుమ్మటాలు, గులాబీలు, వాటి మీద మెరిసే అక్షరాలతో ఈద్ ముబారక్‌లు. వాటిలో ఆమె కుమారుడు పంపినవి మూడు.

“వాడివి మాత్రం తీసేయకండి” అన్నారామె. కాసేపు ఊరుకొని, “మూడు బొమ్మలు పంపాడు గాని, పండుగనాడు ఏం తిన్నాడో చెప్పలేదు. నేను అడిగేలోపే ఫోను పెట్టేశాడు” అన్నారు.

ఆ మాట మమ్మల్ని వదలలేదు. దాని గురించే ఈ శుక్రవారం మన పాఠకులతో నాలుగు మాటలు పంచుకోదలిచాము.

మన కుటుంబాలకు దూరం కొత్త కాదు. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుండి, హైదరాబాద్ పాతబస్తీ నుండి, కడప, రాయచోటి ప్రాంతాల నుండి రెండు మూడు తరాల మగవారు బతుకుతెరువు కోసం కువైట్, సౌదీ, దుబాయి, ఖతర్, మస్కట్ వెళుతూనే ఉన్నారు. ఆడవారు కూడా ఇంటిపనుల కోసం కన్నబిడ్డలను అవ్వల దగ్గర వదిలి వెళ్ళారు. ఇప్పుడు చదువుకున్న పిల్లలు అమెరికా, కెనడా, ఆస్ట్రేలియాల దాకా వెళుతున్నారు. దస్తర్‌ఖాన్ పరిచినప్పుడు ఒకరి చోటు ఖాళీగా ఉండే ఇళ్ళు మనలో ఎన్నో. ఆ ఖాళీని మనం దేనితో నింపుతున్నామన్నదే ఇప్పుడు ఆలోచించవలసిన విషయం.

ముందుగా మా తప్పు ఒకటి చెప్పుకుంటాము.

1980ల చివరలో, మదర్సాలో చదువుకునే రోజుల్లో, సెలవులకు ఇంటికి వచ్చినప్పుడల్లా మాకొక పని ఉండేది. అస్ర్ నమాజు తర్వాత మొహల్లాలోని చదువురాని తల్లులకు ఉత్తరాలు రాసిపెట్టడం. అంచున ఎరుపు, నీలం చారలున్న విమాన తపాలా కవర్లు తెచ్చుకొని వారు మా అరుగు మీద కూర్చునేవారు. ఉత్తరం కువైట్ చేరడానికి రెండు వారాలు పట్టేది. జవాబు రావడానికి మరో రెండు వారాలు. అంటే నెలకు ఒక్క మాట. ఆ ఒక్క మాట ఎంత జాగ్రత్తగా రాయాలో అప్పటికి మాకు తెలియదు.

ఒక ఖాలా తన కొడుక్కి రాయమని చెప్పే సంగతులు ఇలా ఉండేవి. నల్ల మేక చూలుతో ఉంది. వంటింటి కప్పులో రెండు పెంకులు జారాయి, వాన పడితే నీళ్ళు సరిగ్గా పొయ్యి మీదే కారుతున్నాయి. పక్కింటి వారి అమ్మాయికి సంబంధం కుదిరింది. నీ చిన్నోడు గుణింతాలు చెబుతున్నాడు, ‘క’ దగ్గర బాగానే ఉంటాడు గాని ‘ఖ’ దగ్గర మొరాయిస్తాడు. మొన్న బావిలో బిందె పడితే తీయడానికి ఒక పూట పట్టింది.

మాకు అప్పుడు పద్దెనిమిదేళ్ళు. కొత్తగా నేర్చిన ఉర్దూ మీద గర్వం. మేకలు, పెంకులు, బిందెలు ఉత్తరంలో రాసే విషయాలా అనుకున్నాము. ‘బాద్ సలామ్ కే వాజె హో’ అని మొదలుపెట్టి, ఇక్కడ అందరమూ క్షేమమనీ, తమ క్షేమం పరమ దయాళువైన అల్లాహ్ నుండి కోరుతున్నామనీ నిండైన మాటలతో రెండు పేజీలు రాసి, చివర ఈద్ ముబారక్ చేర్చి, కవరు అంటించి ఇచ్చాము. ఖాలా దాన్ని కళ్ళకద్దుకొని తీసుకువెళ్ళారు.

నెల తర్వాత జవాబు వచ్చింది. చదివి వినిపించవలసిందీ మేమే. కొడుకు ఇలా రాశాడు: “అమ్మీ, ఉత్తరం ఎవరు రాస్తున్నారో గాని భాష చాలా బాగుంది. కాని అది నీ మాట కాదు. ఆయనకు నా సలాం చెప్పి, నువ్వు చెప్పింది చెప్పినట్టే రాయమను. నల్ల మేక ఉందా, ఈనిందా? వానలు మొదలైనట్టున్నాయి, వంటింటి పెంకులు సర్దించారా? చిన్నోడు ఏం మాటలు మాట్లాడుతున్నాడు?”

చదువుతూనే మా గొంతు తడబడింది. ఖాలా మా ముఖంలోకి చూసి, “నేను చెప్పాను కదా బాబూ, మేక సంగతి రాయలేదా?” అన్నారు. ఆమె కోప్పడలేదు. కోప్పడి ఉంటే మాకు కొంత తేలికగా ఉండేది. ఆనాటి నుండి ఆమె చెప్పిన ప్రతి మాటా, దగ్గుతో సహా అన్నట్టుగా రాశాము.

1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌లో ప్రవేశించాయి. ఉత్తరాలు ఆగిపోయాయి, ఫోన్లు ఆగిపోయాయి. మా వైపు ఎన్నో ఇళ్ళలో పొయ్యి వెలిగినా ముద్ద దిగని రోజులవి. ఆ తర్వాతి రెండు నెలల్లో లక్షా పదివేల మందికి పైగా భారతీయులను జోర్డాన్‌లోని అమ్మాన్ నుండి ఎయిర్ ఇండియా విమానాలు స్వదేశానికి చేర్చాయి. ఖాలా కొడుకు కూడా అలాగే ఎడారి దాటి వచ్చాడు. ఏళ్ళ తరబడి కూడబెట్టినదంతా అక్కడే వదిలి, చిన్న చేతిసంచితో ఇల్లు చేరాడు. ఆ సంచిలో రెండు జతల బట్టలు, పాస్‌పోర్టు, అమ్మ ఉత్తరాల కట్ట ఉన్నాయి. మేము గొప్పగా రాసిన ఆ మొదటి ఉత్తరం కూడా ఆ కట్టలో ఉంది. దాని మడతలు కొత్తవిగా ఉన్నాయి. మేక ఈనిన సంగతి రాసిన ఉత్తరం మాత్రం మడతల దగ్గర చిరిగిపోయి ఉంది. ఏది ఎన్నిసార్లు విప్పి చదివాడో అతడు చెప్పనక్కరలేకపోయింది.

ఉర్దూ చదువుకున్నవారికి ఈ విషయంలో ఒక పెద్ద ఉస్తాదు ఉన్నారు. ఆయన మీర్జా గాలిబ్. ఆ రోజుల్లో పెద్దలకు రాసే ఉత్తరమంటే బిరుదులతో, అలంకారాలతో నిండి ఉండేది. గాలిబ్ వాటిని పక్కనపెట్టి, ఎదురుగా కూర్చొని మాట్లాడుతున్నట్టు రాశారు. ఉత్తరాన్ని సంభాషణగా మార్చానని ఆయనే చెప్పుకున్నారు. 1857 తిరుగుబాటు తర్వాత ఢిల్లీ పాడుబడి, మిత్రులు చెల్లాచెదురైనప్పుడు ఆయనకు మిగిలిన తోడు ఉత్తరాలే. హర్‌గోపాల్ తఫ్తాకు, మీర్ మెహదీ మజ్రూహ్‌కు రాసిన జాబుల్లో ఆయన ఇంటి కప్పు కారడం, పింఛను కోసం పడిన పాట్లు, ఊళ్ళోని వానలు, జ్వరాలు అన్నీ ఉన్నాయి. అంతటి మహాకవి కారే కప్పు గురించి రాయడానికి సిగ్గుపడలేదు. పద్దెనిమిదేళ్ళ మేము సిగ్గుపడ్డాము.

ఉత్తరాల కాలం మళ్ళీ రావాలని మేము అనడం లేదు. ఆ రోజుల్లో తండ్రి చనిపోయిన కబురు నలభయ్యో రోజుకు అందినవారు ఉన్నారు. తర్వాత క్యాసెట్లు వచ్చాయి. గల్ఫ్ నుండి సెలవు మీద వచ్చే వారి చేతికి ఇచ్చి పంపితే, ఇల్లంతా టేప్ రికార్డర్ చుట్టూ కూర్చొని వినేది. ఆ తర్వాత ఎస్.టి.డి. బూతులు వచ్చాయి. అద్దాల గదిలో ఎర్ర అంకెలు పరిగెత్తుతుంటే ఏడుపును దిగమింగి, ముఖ్యమైన మాటలు మాత్రమే మాట్లాడేవారు. నేడు అల్లాహ్ దయవల్ల ముఖాముఖిగా చూసుకుంటూ మాట్లాడుకునే వీలు కలిగింది. ఇంత సౌకర్యం మన పెద్దలు కలలో కూడా ఎరుగరు. ఐతే సౌకర్యం పెరిగినకొద్దీ మాట పెరిగిందా?

చాలా ఇళ్ళలో జరుగుతున్నది చూస్తున్నాము. అక్కడివారికి మనకంటే పండుగ సాధారణంగా ఒక రోజు ముందు వస్తుంది. గడియారం సౌదీ, కువైట్‌లలో మనకంటే రెండున్నర గంటలు వెనుక. అతడు తెల్లవారి ఈద్‌గాహ్‌కు వెళ్ళి, గదికి తిరిగి వచ్చి ఫోను చేసే వేళకు ఇక్కడ ఇంకా చివరి ఉపవాసం నడుస్తూ ఉంటుంది. ఇంటివారు పండుగ సరుకుల హడావిడిలో ఉంటారు. “ఆ, ముబారక్, ముబారక్. రేపు మాట్లాడదాం” అంటారు. మరునాడు ఇక్కడ పండుగ. షీర్ ఖుర్మా, బిర్యానీ, కొత్తబట్టలు, చుట్టాలు. అక్కడ అతడు పనిలోకి వెళ్ళిపోయి ఉండవచ్చు. ఇద్దరికీ పండుగ అయింది గాని, ఇద్దరూ కలిసి పండుగ చేసుకోలేదు.

ఫోను కలిసినా మాట ఎక్కువగా పైకం చుట్టూనే తిరుగుతుంది. ఫీజు కట్టాలి, గోడ లేపాలి, చెల్లెలి అత్తవారు ఫ్రిజ్ అడుగుతున్నారు. ఇవన్నీ నిజమైన అవసరాలే, కాదనము. కాని ఫోను మోగినప్పుడల్లా ఖర్చుల పట్టీయే వినబడితే, ఎడారి ఎండలో పనిచేసే మనిషి తాను కొడుకునా, భర్తనా, లేక బ్యాంకునా అని అనుకోడా?

మరోవైపు, అక్కడివారూ ఇక్కడివారూ ఒకరికొకరు దాస్తున్నారు. జీతం మూడు నెలలుగా రాలేదని అతడు చెప్పడు. అమ్మకు చక్కెర జబ్బు ముదిరిందని వీరు చెప్పరు. బాధపడతారనే ప్రేమతోనే దాస్తారు. కాని కొన్నాళ్ళకు చెప్పడానికి ‘అంతా ఖైరియత్’ తప్ప మరేమీ మిగలదు. దాచిన విషయాలు దాచగా దాచగా పెద్దవై, ఒకనాడు ఒక్కసారిగా బయటపడతాయి. అప్పుడు కలిగే బాధలో ‘నాకెందుకు చెప్పలేదు’ అన్న నొప్పే ఎక్కువ.

భార్య సంగతి వేరుగా చెప్పాలి. ఫోను ముందు అత్తమామల చేతిలో, తర్వాత మరుదుల చేతిలో, తర్వాత పిల్లల చేతిలో తిరిగి, చివరకు ఆమె చేతికి వచ్చేసరికి అక్కడ విరామం ముగుస్తుంది. ఒకవేళ సమయం మిగిలినా పదిమంది నడుమ ఆమె ఏం మాట్లాడగలదు? హజ్రత్ ఉమర్ (రజి) తన పరిపాలనా కాలంలో ఒక రాత్రి మదీనా వీధుల్లో తిరుగుతూ, యుద్ధానికి వెళ్ళిన భర్త కోసం ఒక స్త్రీ ఆవేదన పడటం విన్నారని ఉల్లేఖనాలు తెలుపుతున్నాయి. ఆయన తన కుమార్తె హజ్రత్ హఫ్సా (రజి)ను అడిగి తెలుసుకొని, వివాహితులైన సైనికులను నాలుగు మాసాలకు మించి ఇంటికి దూరంగా ఉంచరాదని ఆదేశించారు. ఆరు మాసాలని చెప్పే ఉల్లేఖనం కూడా ఉంది. ఖలీఫా అంతటివారు ఒక ఇల్లాలి ఒంటరితనాన్ని రాజ్య వ్యవహారంగా భావించారు. నేడు రెండేళ్ళ ఒప్పందాల మీద భర్తలు వెళుతున్నారు. ఆమెకు తలుపు వేసుకొని మాట్లాడే అరగంట ఇవ్వడానికైనా మన మనసులు పెద్దవి కావద్దా?

దైవప్రవక్త (స) వారి మృదు స్వభావాన్ని తెలిపే ఒక సంఘటన సహీహ్ బుఖారీలో ఉంది. మాలిక్ బిన్ హువైరిస్ (రజి), ఆయన ఈడు యువకులు కొందరు ధర్మం నేర్చుకోవడానికి వచ్చి ఇరవై రాత్రులు ప్రవక్త (స) వారి సన్నిధిలో గడిపారు. వారు ఇంటి మీద బెంగ పెట్టుకున్నారని ఆయన గ్రహించారు. ఇంటి దగ్గర ఎవరెవరిని వదిలి వచ్చారని అడిగి తెలుసుకున్నారు. ఇక మీ వారి దగ్గరకు తిరిగి వెళ్ళండి, నేర్చుకున్నది వారికి నేర్పండి అని చెప్పి పంపారు. ఆ యువకులు నోరు విప్పి బెంగ సంగతి చెప్పుకోలేదు. అడిగినది ఆయనే. అంతటి విద్య నేర్చుకుంటున్న చోట కూడా ఇంటి బెంగను ఆయన చిన్నవిషయంగా చూడలేదు.

సలాంకు అంతకంటే మెరుగైన సలాంతో, లేదా కనీసం అదే విధంగా బదులివ్వమని దివ్య ఖుర్ఆన్ అన్నిసా అధ్యాయంలో మనకు బోధిస్తోంది. మెరుగైన బదులు అంటే పెద్ద నెలవంక బొమ్మ కాదు కదా! మనవారు పండుగనాడు చెప్పుకునే ‘తఖబ్బలల్లాహు మిన్నా వ మిన్‌కుమ్’ అనే మాట ఒక దుఆ. అల్లాహ్ మా నుండి, మీ నుండి స్వీకరించుగాక అని దాని భావం. దుఆ ఒక మనిషి కోసం చేసేది. రెండు వందల మందికి ఒకే వేలితో నెట్టేసిన బొమ్మలో ఆ మనిషి ఎక్కడున్నాడు?

ఇది అందరికీ అన్వయించదని కొందరు అనవచ్చు. పన్నెండు గంటలు పనిచేసి, ఆరుగురు ఉండే గదిలో తన వంతు వచ్చాక వండుకొని, బట్టలు ఉతుక్కొని పడుకునే వాడికి ముచ్చట్లు చెప్పే ఓపిక ఎక్కడిదని అడగవచ్చు. నిజమే. అందుకే గంటల తరబడి మాట్లాడమని మేము అనడం లేదు. చిన్న మాట చాలు. ‘ఈ రోజు పప్పు మాడిపోయింది అమ్మీ’ అన్న మాట ఆ తల్లికి ఎంత ఊరటో ఊహించండి. కొడుకు వండుకుంటున్నాడు, తింటున్నాడు, తనతో చెప్పుకుంటున్నాడు. ఆమె వెంటనే, మాడిన గిన్నెలో నీళ్ళు పోసి నానబెట్టు అంటుంది. ఆ క్షణం ఆమె మళ్ళీ అమ్మ అవుతుంది.

2020 సంవత్సరం ఎవరూ మరచిపోలేరు. మహమ్మారి వల్ల విమానాలు ఆగిపోయాయి. సౌదీలో మే 24న, మన దేశంలో మే 25న ఈదుల్ ఫిత్ర్ వచ్చింది. ఇళ్ళలోనే నమాజు చేసుకున్నాము. ఆ రోజుల్లో కన్నవారి జనాజాకు రాలేక ఫోను తెరలో చూసి ఏడ్చిన కొడుకులు ఉన్నారు. వారిలో మాకు తెలిసిన ఒకతను తర్వాత సెలవు మీద వచ్చినప్పుడు చెప్పాడు: “అబ్బా రోజూ సాయంత్రం ఫోను చేసి ఆ రోజు మసీదులో ఎవరెవరు కలిశారో చెప్పేవారు. అప్పుడు విసుగ్గా ఉండేది. ఇప్పుడు సాయంత్రమైతే చెవి అటే పోతుంది.” అతడికి తండ్రి వదిలి వెళ్ళిన ఆస్తిలో ఆ సాయంత్రాలు కూడా ఉన్నాయి.

కనుక మన పాఠకులకు కొన్ని విన్నపాలు చేస్తున్నాము.

పండుగ బొమ్మలు ఎందరికైనా పంపుకోండి. కాని ఇంటి మనిషికి మాత్రం పేరు పెట్టి, మీ గొంతుతో రెండు మాటలు చెప్పండి. అక్కడి పండుగనాడు ఇక్కడ ఉపవాసంలో ఉన్నా సరే, ఆ రోజు అతడి పండుగ అని గుర్తుంచుకొని, ఆ పూట అతడికే కేటాయించండి. ఏం వండుకున్నావు, ఎవరితో కలిసి నమాజుకు వెళ్ళావు, ఎవరు ఆలింగనం చేసుకున్నారు అని అడగండి.

పైకం మాట మాట్లాడే రోజు వేరు, ముచ్చట్ల రోజు వేరుగా పెట్టుకోండి. పిల్లవాడి చేతికి ఫోను ఇచ్చి ‘సలాం చెప్పు’ అని బలవంతం చేసే బదులు, వాడు గీసిన బొమ్మను, ఊడిన పన్నును తండ్రికి చూపమనండి. మాట దానంతటదే వస్తుంది. అక్కడి సోదరులు కూడా ఎత్తైన భవనాల ముందు దిగిన ఫోటోలతో పాటు, తమ గదిని, మంచాన్ని, పొయ్యిని చూపించాలి. చూసి తల్లి కంట నీరు పెట్టుకుంటే పెట్టుకోనివ్వండి. బిడ్డ ఎక్కడ నిద్రపోతున్నాడో తెలుసుకోవడం ఆమె హక్కు.

కష్టం వస్తే ఒక్కరికైనా నిజం చెప్పండి. అందరికీ చెప్పనవసరం లేదు. అన్నకో, భార్యకో, ఒక స్నేహితుడికో చెప్పండి. చెప్పుకున్న వారి మాటను ఆ ఒక్కరూ కాపాడాలి.

యూసుఫ్ (అ) వృత్తాంతం మనందరికీ తెలిసినదే. కుమారుని ఎడబాటుతో కన్నీరు కార్చి కార్చి యాఖూబ్ (అ) చూపు పోగొట్టుకున్నారు. కుమారుడు ఈజిప్టులో ధాన్యాగారాల అధిపతి అయ్యాడు. తానెవరో సోదరులకు వెల్లడించాక తండ్రి కోసం వారి చేతికి ఇచ్చింది బంగారం కాదు, తన చొక్కా. ఆ చొక్కా ఇంకా దారిలో ఉండగానే తండ్రికి కుమారుని వాసన తెలిసింది. దానిని ముఖం మీద వేయగానే చూపు తిరిగి వచ్చింది.

మా వీధి పెద్దామెకు ఆ సాయంత్రం మేమే ఫోను కలిపి ఇచ్చాము. ముందే కొడుక్కి ఒక మాట చెప్పాము: “బాబూ, మీ అమ్మకు ముబారక్ అందింది. పండుగనాడు ఏం తిన్నావో అది చెప్పు.” అతడు అవతల నవ్వాడు. గదిలోని వారంతా కలిసి సేమియా వండబోయారట. చక్కెర అనుకొని ఉప్పు వేశారట. పారబోయడానికి మనసొప్పక అందులోనే ఉల్లిపాయలు, మిరపకాయలు వేసి తినేశారట. ఆమె నవ్వలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఇరవై నిమిషాలు మాట్లాడారు. వెళుతూ వెళుతూ, “ఇప్పుడు అయింది మౌల్వీ సాబ్, మా ఇంట్లో పండుగ” అన్నారు.

దూరాన ఉన్న మన వారందరినీ అల్లాహ్ క్షేమంగా ఉంచుగాక. క్షేమంగా ఇల్లు చేర్చుగాక. ఆమీన్. ఇది చదివిన వెంటనే ఒకరికి ఫోను చేయండి. మేక ఈనిన సంగతైనా సరే, చెప్పండి.